స్కాలర్‌షిప్పు మొత్తం ఒక్కరికే ఇవ్వాలా, నలుగురికి పంచాలా? మా నిధికి సలహా కావాలి

మర్రిపాలెం మాస్టారు:

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో ఒకే కళాశాలలో డిగ్రీ చదువుకున్న మేము కొందరం ఉద్యోగ విరమణ చేశాక మళ్లీ కలుసుకుని, పేద విద్యార్థుల కోసం ఆరు లక్షల రూపాయలు పోగుచేశాము. అసలు కదపకుండా బ్యాంకులో వేస్తే ఏటా 40,000 రూపాయలకు అటూ ఇటూగా వడ్డీ వస్తుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఇచ్చే పద్ధతి దగ్గరే మావాళ్లు రెండుగా చీలిపోయారు. పదో తరగతిలో అందరికంటే మంచి మార్కులు వచ్చిన ఒక్క విద్యార్థిని ఎంచుకుని, సభ పెట్టి, శాలువా కప్పి, మొత్తం సొమ్ము చేతికి అందిస్తే పదిమందికీ స్ఫూర్తిగా ఉంటుందని సగం మంది అంటున్నారు. నలుగురికి తలా పదివేలు ఇవ్వాలని మిగిలినవారి పట్టు. అసలు ప్రభుత్వమే ఫీజులు చెల్లిస్తుండగా మన పదివేలతో ఎవరి బతుకు మారుతుందని అడిగినవారూ ఉన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి సమాధానం లేదు. స్కాలర్‌షిప్పుతో చదువుకున్నవారు, అలాంటి పిల్లలను దగ్గరగా చూసినవారు దానివల్ల తమ ఇంట్లో, వీధిలో, ఊళ్లో నిజంగా ఏమి మారిందో చెబితే మేము దానిని బట్టి నడుచుకుంటాము.

వాల్తేరు పాతకాపు:

మాస్టారూ, నా ఓటు ఒక్కరికే. మన ఊరి చరిత్రే అందుకు సాక్ష్యం. సి.వి. రామన్ తండ్రిగారు 1892లో ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకులుగా చేరడం వల్ల రామన్ చదువు ఇక్కడే సెయింట్ అలోషియస్ పాఠశాలలో సాగింది. పదమూడో ఏటనే ఎఫ్.ఏ. (నేటి ఇంటర్మీడియట్ వంటిది) పరీక్షలో స్కాలర్‌షిప్పుతో నెగ్గి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లారు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. అలాగే 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో విజ్ఞానశాస్త్ర విభాగాలు నిలదొక్కుకోవడానికి జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు ఏటా ఇచ్చిన లక్ష రూపాయలు ఎంత ఆసరా అయ్యాయో మీకు తెలియనిది కాదు. ఆ లక్షను వందమందికి పంచి ఉంటే ఆ ప్రయోగశాలలు వచ్చేవి కావు. పెద్ద మొత్తం ఒకచోట పడితేనే పెద్ద ఫలితం వస్తుంది. చిల్లరగా పంచిన డబ్బు చిల్లరగానే పోతుంది.

జాలారిపేట ఆడపడుచు:

పాతకాపు గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. రామన్ గారి తండ్రి కళాశాల అధ్యాపకుడు. స్కాలర్‌షిప్పు రాకపోయినా ఆ అబ్బాయి చదువు ఆగేది కాదు. మా నాన్న మరపడవ మీద కలాసీ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం అవసరమే, దానిని నేను తప్పుపట్టను. కాని మా ఇళ్లలో రూపాయి రాని ఆ రెండు నెలలూ చదువుల ఖర్చు ముంచుకొచ్చే రెండు నెలలూ ఒక్కటే. బడులు తెరిచేది జూన్ 12న. పాలీసెట్, ఈఏపీసెట్ దరఖాస్తులు, కౌన్సెలింగు, హాస్టల్ అడ్వాన్సు అన్నీ ఆ వేసవి చుట్టుపక్కలే వస్తాయి. ప్రభుత్వం ఇచ్చే నిషేధకాలపు భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది, అది ఇంటి బియ్యానికి, పాత బాకీకి సరిపోతుంది.

నాకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినప్పుడు ట్యూషన్ ఫీజు ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద పోయింది. పోనివి వేరే ఉన్నాయి: డ్రాయింగ్ సామగ్రి, ల్యాబ్ కోటు, రికార్డులు, బస్సు పాసు, పరీక్ష ఫీజు. ఊరిలో కొందరు పెద్దలు కలిసి నడిపే ఒక చిన్న నిధి నాకు మే నెలలోనే 8,000 రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బు జూలైలో వచ్చి ఉంటే అప్పటికి మా అమ్మ వడ్డీకి తెచ్చి ఉండేది, లేదా నన్ను చేపలు ఎండబెట్టే పనిలో పెట్టి ఉండేది. మొత్తం చిన్నదే, కాని సమయానికి వచ్చింది. డిప్లొమా అయ్యాక బీటెక్‌కు వెళ్లవచ్చని నాకు రెండో ఏట చెప్పినది కూడా ఆ నిధి తరఫున ఫోన్ చేసి యోగక్షేమాలు అడిగే ఒక పెద్దావిడే. మా ఇంట్లో ఎవరికీ ఆ దారి ఉందని తెలియదు.

వీధి సంగతి అడిగారు కాబట్టి అదీ చెబుతాను. నేను రెండో సంవత్సరంలో ఉండగా మొదలైంది. సాయంత్రం పూట ఎవరో ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకుని, చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని మా గడపలోకి వచ్చేది. సాంకేతిక కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్పు ఏడాదికి 50,000 రూపాయలు, ఒక కుటుంబంలో ఇద్దరు అమ్మాయిల వరకు వస్తుంది. మా వీధిలో దాని పేరు విన్నవారే లేరు. నా తర్వాత అక్కడినుంచి డిప్లొమాకు వెళ్లిన అమ్మాయిలు కొందరున్నారు. పదో తరగతి కాగానే పెళ్లి సంబంధం చూడటమనేది ఆగిపోయిందని చెప్పను, కాని ‘పై చదువు ఏమైనా ఉందేమో అడుగుదాం’ అన్న మాట ముందు రావడం మొదలైంది.

ఇంకొకటి కూడా దాచను. నాకు స్కాలర్‌షిప్పు వచ్చింది కాబట్టి చదివేది అమ్మాయే అని ఇంట్లో తీర్మానమైపోయింది. మా తమ్ముడు తొమ్మిదో తరగతి మధ్యలో హార్బరులో ఐసు మోసే పనికి వెళ్లాడు. వాడికి అన్యాయం చేయాలని ఎవరూ అనుకోలేదు. ఇంటికి ఒకరు చదివితే చాలనుకున్నారు.

వార్డు సచివాలయం నుంచి:

నేను వార్డు విద్యా కార్యదర్శిగా పనిచేస్తున్నాను. మాస్టారు గారు అడిగిన ప్రశ్న డబ్బు ఎంత అని. మా బల్ల దగ్గర కనిపించే ప్రశ్న, ఉన్న డబ్బు పిల్లవాడి దాకా ఎందుకు చేరడం లేదు అని.

నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్పును తీసుకోండి. ప్రభుత్వ, మునిసిపల్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు పరీక్ష పెడతారు. కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షలు దాటకూడదు. నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు. ప్రశ్నపత్రంలో సగం బడి పాఠాల మీద, సగం తార్కిక శక్తి మీద ఉంటుంది. ఈ రెండో భాగంలాంటి ప్రశ్నలు పిల్లలు ఎన్నడూ చూసి ఉండరు కాబట్టి, ఒక ఉపాధ్యాయుడు శ్రద్ధ తీసుకుని సాయంత్రాలు కూర్చోబెట్టిన బడిలో ఫలితం ఒక తీరుగా, పట్టించుకోని బడిలో మరో తీరుగా ఉంటుంది. నెగ్గిన తర్వాత కూడా ఏటేటా పోర్టల్‌లో రెన్యువల్ చేయించుకోవాలి. పదో తరగతి అయి ఇంటర్మీడియట్‌కు కళాశాల మారినప్పుడు చాలామంది ఆ మెట్టు దగ్గరే జారిపోతారు. ఎందుకంటే పాత బడివారు తమ పని అయిపోయిందనుకుంటారు, కొత్త కళాశాలవారికి ఆ సంగతి తెలియదు.

పేర్ల తంటా వేరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి మార్కుల జాబితాలో ఒక్క అక్షరమే ఉంటుంది. పోర్టల్‌కు వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. బ్యాంకు ఖాతా మరొకటి. నేరుగా జమ అయ్యే సొమ్ము దరఖాస్తులో రాసిన ఖాతాకు కాకుండా, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఆధార్‌తో చివరగా అనుసంధానమైన ఖాతాకు వెళుతుంది. ఎప్పుడో ఎవరో తెరిపించిన, పాసుపుస్తకం పోయిన ఖాతాలో డబ్బు పడి ఉంటుంది, పిల్లవాడు రాలేదనుకుని చదువు మానేస్తాడు. మీ మిత్రులలో బ్యాంకులో పనిచేసినవారు ఎవరైనా ఉంటే, ఏడాదికి నాలుగు శనివారాలు ఒక బడిలో కూర్చుని ఈ పత్రాలు సరిచేయించినా మీ నలభై వేలకంటే ఎక్కువ సొమ్ము ఆ పిల్లలకు చేరుతుంది. ఇది ఎత్తిపొడుపుగా అనడం లేదు.

గాజువాక వెల్డరు:

ఇంజినీరింగు, డిప్లొమా అంటున్నారు. ఐటీఐ అన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. షిప్‌యార్డులోనూ ఉక్కు కర్మాగారంలోనూ నిప్పు దగ్గర నిలబడేది మేమే. నేను ఐటీఐలో చేరినప్పుడు బూట్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు కొనలేక వారం రోజులు వర్క్‌షాపు బయటే నిలబడ్డాను. మార్కులు చూసి ఇచ్చే ఏ స్కాలర్‌షిప్పూ నావంటి వాడి దగ్గరకు రాదు. దయచేసి దీనిని కూడా లెక్కలోకి తీసుకోండి.

ఏయూ పరిశోధక విద్యార్థిని:

పదివేలతో ఎవరి బతుకు మారుతుందన్న ప్రశ్నకు, వ్యక్తుల కథలు పక్కన పెట్టినా జవాబు చెప్పగల పరిశోధనలు ఉన్నాయి. ఘనా దేశంలో 2008లో, ఉన్నత పాఠశాలలో సీటు వచ్చి కూడా డబ్బు లేక చేరలేకపోయిన రెండు వేల పైచిలుకు గ్రామీణ యువతీయువకుల నుంచి లాటరీ తీసి 682 మందికి స్కాలర్‌షిప్పు ఇచ్చారు. లాటరీ కాబట్టి వచ్చినవారికీ రానివారికీ మధ్య తెలివిలోనో కుటుంబ స్థితిలోనో ముందునుంచి ఉన్న తేడా ఏమీ లేదు. ఎస్తేర్ డుఫ్లో, పాస్కలిన్ డ్యూపా, మైఖేల్ క్రేమర్ అనే ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాళ్లను గమనించారు. స్కాలర్‌షిప్పు వచ్చిన అమ్మాయిలు ఆలస్యంగా, తక్కువమంది పిల్లలను కన్నారు. ఆ పిల్లలు బుద్ధివికాస పరీక్షలలో మిగిలినవారికంటే మెరుగ్గా ఉన్నారు. అంటే ఆ డబ్బు ఇచ్చిననాటికి ఇంకా పుట్టని వారికి కూడా దాని ఫలం అందింది.

బంగ్లాదేశ్‌లో 1994 నుంచి గ్రామీణ ఆడపిల్లలకు దేశమంతటా హైస్కూలు స్కాలర్‌షిప్పు మొదలుపెట్టారు. 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, పెళ్లి చేసుకోకుండా ఉండటం, ఇవీ షరతులు. ఒకప్పుడు హైస్కూళ్లలో అబ్బాయిల కంటే చాలా వెనుకబడి ఉన్న అమ్మాయిల సంఖ్య తర్వాతి కాలంలో వారిని దాటింది. ఇందులో మొత్తం ఒక్కటే పనిచేయలేదు, దాదాపు ప్రతి ఇంటి అమ్మాయికీ వచ్చింది కాబట్టి ఆడపిల్లను హైస్కూలుకు పంపడం వింతగా కనిపించడం మానేసింది. ఒక్కరిని వేదిక ఎక్కించే పద్ధతిలో ఆ మార్పు వస్తుందని నాకు నమ్మకం లేదు.

పాడేరు ఉపాధ్యాయుడు:

మన్యం సంగతి కొంచెం వేరు. మా దగ్గర ఇంటర్మీడియట్ దాకా ఆశ్రమ పాఠశాల, గురుకులం, కళాశాల హాస్టల్ ఏదో ఒకటి ఆదుకుంటుంది. పిల్లలు జారిపోయేది ఘాట్ రోడ్డు దిగి, నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి విశాఖ చేరిన తర్వాత మొదటి మూడు నెలల్లో. ఫీజు సమస్య కాదు. భాష, తిండి, ఒంటరితనం, నాలుగు వందల రూపాయలు చేతిలో లేక పండగకు ఇంటికి రాలేకపోవడం. అలా దసరాకు వచ్చి తిరిగి వెళ్లని పిల్లలు నాకు తెలుసు. వాళ్లలో కొందరి పేరు మీద స్కాలర్‌షిప్పు మంజూరయ్యే ఉంది.

మరి తిరిగి వచ్చినవారి వల్ల ఏమి జరుగుతుందో చెబుతాను. మా మండలంలో కువి మాతృభాషగా గల ఒక అమ్మాయి ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో డిగ్రీ, బీఈడీ పూర్తిచేసి ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు ఏడాదంతా మౌనంగా కూర్చునే పిల్లలు, తెలుగు మాట పక్కన తమ మాట వినబడేసరికి నోరు విప్పారు. అయితే చదివించడం ఒక్కటే సరిపోదు, ఇక్కడికి తిరిగి రావడానికి కొలువు ఉండాలి. ఏజెన్సీ ప్రాంతంలో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 సంవత్సరపు 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసిన తర్వాత బీఈడీ చదివిన మా పిల్లలలో నిరాశ పెరిగింది. స్కాలర్‌షిప్పు సముదాయాన్ని మారుస్తుందా అని అడిగేవారు, చదివినవారిని ఆ సముదాయంలో నిలబెట్టే ఏర్పాటు ఉందా అని కూడా అడగాలి.

అక్కయ్యపాలెం చదువరి:

పాడేరు మాస్టారి మాటకు అంబేడ్కర్ జీవితమే ఆధారం. 1913లో బరోడా మహారాజా శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో, నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు, ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలన్నది షరతు. 1917లో ఆ షరతు ప్రకారమే బరోడా వెళితే ఊరిలో అద్దెకు ఇల్లు ఇచ్చినవారు లేరు. పేరు దాచి ఒక పార్శీ సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ప్రపంచంలోకెల్లా గొప్ప విశ్వవిద్యాలయాలలో ఒకదానిలో చదివించిన డబ్బు, ఆయనకు బరోడాలో ఒక గది ఇప్పించలేకపోయింది.

కథ అక్కడితో ఆగలేదు. 1942 నుంచి 1946 వరకు ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది. మన కళాశాలల్లో నేటికీ నడుస్తున్న ఆ పథకంతో చదివినవారు ఎన్ని లక్షల మందో. బరోడా మహారాజు ఇచ్చింది ఒక్కరికే కదా అని పాతకాపు గారు అనవచ్చు. నిజమే, ఒక్కరికే ఇచ్చారు. కాని చదువుకునే దారి మరొకటి లేని మనిషికి ఇచ్చారు.

వాల్తేరు పాతకాపు:

నాతో వాదించడానికి అందరూ కట్టకట్టుకుని వచ్చినట్టున్నారు. సంతోషం. అవసరం చూసి ఇవ్వాలన్న మాట ఒప్పుకుంటాను, మార్కులు అసలే చూడవద్దంటే ఒప్పుకోను. మా తాతగారు విజయనగరంలో వారాలు చేసుకుని చదివారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరొక ఇంట్లో భోజనం. ఒక ఇంటివారు పెళ్లికి ఊరు వెళితే ఆ రోజు పస్తే. అయినా పరీక్ష తప్పితే వారాలు పోతాయన్న భయం తనను చదివించిందని ఆయన చెప్పేవారు. ఏ షరతూ లేకుండా ఇస్తే ఆ పట్టుదల ఎక్కడినుంచి వస్తుంది? ఒక సబ్జెక్టు తప్పినా, రెండు తప్పినా డబ్బు పంపుతూనే ఉంటారా?

జాలారిపేట ఆడపడుచు:

పంపాలి, పాతకాపు గారూ, కనీసం ఒక్కసారికైనా. నేను మొదటి సెమిస్టరులో గణితం తప్పాను. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారిలో సగం మంది తప్పారు. ఆ రోజున డబ్బు ఆపి ఉంటే నేను ఈ రోజు ఇక్కడ రాసేదాన్ని కాదు. ఆ పెద్దావిడ డబ్బు ఆపలేదు, సీనియర్ విద్యార్థి ఒకరిని చూపించి ఆదివారాలు లెక్కలు చెప్పించుకోమన్నారు. హాజరు చూడండి, అది పిల్లల చేతిలో ఉంటుంది. మీ తాతగారి భయం ఆయనను చదివించి ఉండవచ్చు. అదే భయంతో చదువు వదిలేసినవారి మనవలు ఇక్కడికి వచ్చి ఆ కథ చెప్పలేరు కదా.

శాలువా గురించి కూడా ఒక మాట. పేపర్లో ‘నిరుపేద విద్యార్థిని’ అని ఫోటోతో పడితే, మర్నాడు తరగతిలో ఆ పిల్ల తల ఎక్కడ పెట్టుకోవాలో సభ పెట్టినవారికి తెలియదు.

లెక్కల మనిషి:

బ్యాంకులో పనిచేసి విరమించినవాడిని. సభలు, శాలువాలు పక్కన పెట్టి అంకెలు చూద్దాం. ఏటా నలుగురు కొత్తవారికి తలా 10,000 ఇస్తామంటే వినడానికి బాగుంటుంది. కాని డిప్లొమా మూడేళ్లు. మొదటి ఏట నలుగురు, రెండో ఏట ఎనిమిది మంది, మూడో ఏట పన్నెండు మంది, అంటే 1,20,000 రూపాయలు కావాలి. మీకు వచ్చేది 40,000. మధ్యలో ఆగిపోయే స్కాలర్‌షిప్పు మొదలుపెట్టకపోవడమే మేలు, ఎందుకంటే ఆ కుటుంబం దానిని నమ్ముకుని వేరే ఆసరా వదులుకుని ఉంటుంది. వడ్డీ రేటు తగ్గే సంవత్సరాలూ వస్తాయి కాబట్టి వచ్చిన వడ్డీ అంతా ఖర్చుకు ఒప్పుకోవద్దు. ఇద్దరిని తీసుకుని, వాళ్లు పూర్తిచేసేదాకా విడవకుండా ఉండి, మీ మిత్రులు ఏటా కొంత చందా వేస్తేనే మూడో మనిషి సంగతి ఆలోచించండి. వార్డు కార్యదర్శి గారు అన్న శనివారాలకు నేను వస్తాను. ఎన్‌పీసీఐ అనుసంధానం ఎలా సరిచూడాలో నాకు తెలుసు.

మర్రిపాలెం మాస్టారు:

ఇవన్నీ అచ్చు తీయించి నిన్నటి మా సమావేశంలో చదివి వినిపించాను. రెండు గంటలు వాదించుకున్నాక తేలినది ఇది. ఈ ఏడు ఇద్దరిని తీసుకుంటాము, ఒకరు పాలిటెక్నిక్ నుంచి, ఒకరు ఐటీఐ నుంచి. వెల్డరు గారి మాట మా వాళ్లలో ఎవరూ కాదనలేకపోయారు. ఒక్కొక్కరికి ఏడాదికి 15,000 రూపాయలు, కోర్సు పూర్తయ్యేదాకా. మే నెల దాటకుండా సొమ్ము ఖాతాలో పడాలి, ఏమి కొన్నారని రశీదులు అడగము. మిగిలిన పదివేలు పరీక్ష ఫీజు, ఊరి ప్రయాణం, హఠాత్తుగా వచ్చే అవసరాల కోసం విడిగా ఉంటాయి. వడ్డీ తగ్గిన ఏడు కోత ముందు దానికే పడుతుంది. ఒక సబ్జెక్టు తప్పితే ఆపము. హాజరు 75 శాతానికి తగ్గితే ముందు ఇంటికి వెళ్లి మాట్లాడతాము. ఒక్కొక్క విద్యార్థికి మాలో ఒకరు బాధ్యులు, నెలకొకసారి ఫోన్ చేయాలి. పాడేరు మాస్టారి సూచన మీద ఇద్దరిలో ఒకరు మన్యం నుంచి వచ్చి విశాఖలో చేరిన విద్యార్థి అయ్యేలా చూస్తున్నాము. జాలారిపేట అమ్మాయి తమ్ముడి సంగతి విన్నాక, దరఖాస్తులో ఇంట్లో ఇంకా చదివే పిల్లలు ఎవరని ఒక గడి చేర్చాము, వాళ్లకు ప్రభుత్వ పథకాలు అందుతున్నాయో లేదో శనివారాలు కూర్చునేవారు చూస్తారు.

సభ ఉండదు. అందుకు ఇద్దరు మిత్రులు నొచ్చుకున్నారు, తమ సొంత డబ్బుతో ఏటా ఒక బంగారు పతకం విడిగా ఇస్తామన్నారు. పాతకాపు గారూ, వారికి మీవంటి వారి తోడు అవసరం. వార్డు కార్యదర్శి గారికి ఒక మనవి: పత్రాల పని మే మూడో వారంలో మొదలుపెడితే సరిపోతుందా?

వార్డు సచివాలయం నుంచి:

సరిపోదు, మాస్టారూ. ఏప్రిల్‌లోనే రండి. పేరు తప్పుంటే ఆధార్ సవరణకు రోజులు పడుతుంది, ఆ తర్వాతే ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాలి. మే చివరికి మా సచివాలయంలో నిలబడటానికి కూడా చోటుండదు.